వలసినదియు, వలదన్నదియు

అంగడిలో కుట్టి అమ్ము చొక్కాకు జేబులెన్ని యుండవలెనో అంగడివారే నిర్ణయింతురు. దర్జీకి కొలతలిచ్చి కుట్టించుకొన్నచో ఆ నిర్ణయము మనది. లినక్సు అను కంప్యూటరు వ్యవస్థ యందును ఈ రెండు మార్గములును కలవు. పెక్కు లినక్సులు ముందే తయారైన ప్రోగ్రాములను మనకందించును. 2002లో 1.0 వెర్షను వెలువడిన జెంటూ లినక్సు మాత్రము ప్రోగ్రాముల మూలరూపమును, అనగా సోర్సు కోడును తెచ్చి, మన యంత్రము మీదనే మన కోరిక ననుసరించి నిర్మించుకొను పద్ధతి నవలంబించినది. 2023 డిసెంబరు చివరినుండి తయారైన ప్రోగ్రాములను కూడ విరివిగా అందించుచున్నను, కోరిక తెలుపు స్వేచ్ఛ అట్లే నిలిచియున్నది.

ఈ కోరికలను తెలుపు చిన్న మాటలకు యూజ్ ఫ్లాగులని పేరు. మాట వ్రాసినచో ఆ సౌకర్యము కావలెనని, దానిముందు మైనస్ గుర్తు ఉంచినచో వలదని అర్థము. వీనిని వ్రాయుటకు రెండు తావులు కలవు. 'మేక్ డాట్ కాన్ఫ్' అను ఫైలులో వ్రాసినది యంత్రమునందలి ప్రోగ్రాములన్నింటికిని వర్తించును. 'ప్యాకేజ్ డాట్ యూజ్'లో వ్రాసినది పేర్కొన్న ప్రోగ్రామునకు మాత్రమే. మొదటిది ఊరి కట్టుబాటు వంటిది. రెండవది ఇంటి ఏర్పాటు వంటిది. రెంటికిని భేదము వచ్చినచో ఇంటి మాటయే నెగ్గును.

ఈ తారతమ్యమును గమనింపక మేమొకమారు చిక్కుపడితిమి. యంత్రము తేలికగా నుండవలెనను ఆశతో, అర్థము విచారింపకయే, మొదటి ఫైలులో పదిపదునైదు మాటలకు మైనస్ గుర్తు తగిలించితిమి. అందులో 'ఫ్లాక్' ఒకటి. ధ్వనియందు ఏమియు నష్టము కాకుండ కుదించి దాచు పద్ధతి యది. కొన్ని నెలలకు, ఒక వృద్ధ హరిదాసు కథాగానపు రికార్డింగును సరిచేయబోగా, మా ప్రోగ్రాము ఆ ఫైలును తెరువలేదు. ఫైలే పాడైనదని ఒక సాయంకాలమంతయు వగచితిమి. తుదకు మేము వ్రాసిన మైనస్ గుర్తే కంటబడినది.

దానిని తుడిచినంతనే పని తీరలేదు. మాట మారినను, అదివరకు నిర్మించిన ప్రోగ్రాము మారదు. 'ఎమర్జ్' అను ఆజ్ఞకు 'న్యూ యూజ్' అను మాట చేర్చి, మార్పు తగిలిన ప్రోగ్రాములను మరల నిర్మింపవలసి వచ్చినది.

మైనస్ ప్రక్కన నక్షత్రపు గుర్తు ఉంచి అన్నింటిని ఒక్కసారిగా తుడిచివేయువారును కలరు. అట్లు చేసినచో జెంటూ నిర్వాహకులు యోచించి ఏర్పరచిన అమరికలు కూడ పోవును. ఇది తగదని మా అభిప్రాయము.

సామాన్య నియమములు కొలదిగా నుండవలెను. విశేషములను ఆయా ప్రోగ్రాముల పేరనే వ్రాయవలెను. నిర్మాణమునకు ముందు 'ప్రిటెండ్', 'వెర్బోస్' అను మాటలతో ఎమర్జ్‌ను నడిపినచో ఏయే ఫ్లాగులు అమలగునో కనబడును. ఆ జాబితాను ఓపికతో చదువవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి కోరిక ప్రక్కను దాని కారణమును వ్రాసియుంచవలెను. నేడు మనకు స్పష్టమైనది ఏడాది తరువాత మనకే అగమ్యమగును.

మా ఫైలులో ఇప్పుడు 'ఫ్లాక్' అను మాట ప్రక్కన, హరిదాసుగారి కథకొరకు, అని వ్రాసియున్నది.