ముహూర్తపు కానుపులు

అర్ధవీడు ప్రాంత గ్రామపెద్దలారా!

నేను వైద్యుడను గాను. మీవలె ఒక ఇంటిపెద్దను. మా కోడలికి తొమ్మిదవ నెల ప్రవేశింపగనే పంచాంగము తీసి, నక్షత్రము చూచి, ఆ గడియకే పెద్దాపరేషన్ చేయింపవలెనని పట్టుపట్టినవాడను నేనే. గడియ మంచిదే కావచ్చును. శిశువు మాత్రము ఊపిరికై తల్లడిల్లుచు నాలుగు దినములు తల్లికి దూరముగా అద్దాలపెట్టెలో నుండెను. నొప్పులు వచ్చునపుడు శిశువు ఊపిరితిత్తులలోని నీరు ఇంకిపోవుననియు, 39 వారములు నిండకమునుపు నొప్పులు లేకుండ కోసి తీసిన బిడ్డలకు ఇట్టి బాధ హెచ్చనియు వైద్యురాలు తరువాత చెప్పినది. తొమ్మిదవ నెల ప్రవేశించుటకును నిండుటకును నెల భేదమున్నది గదా! పంచాంగము చదువనేర్చిన నాకు ఆ లెక్క తోచలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కోత కానుపులు దేశమున నూటికి 21, ఆంధ్రప్రదేశమున 42, తెలంగాణమున 60కి పైగా తేలినవి. కోత చెడ్డదని నేననను. బిడ్డ అడ్డము తిరిగినను, మాయ దారికి అడ్డుపడినను అదియే ప్రాణరక్ష. వైద్యులు అవసరమన్నపుడు వర్జ్యము పోవువరకు ఆగుడనుటయు నంతే ప్రమాదము.

ఇంటికి వచ్చిన తరువాతి దినములే మన చేతిలోనివి. పచ్చిబాలింత కదలరాదని మంచమునకు అంటగట్టుదుము, నీరు తగ్గింతుము. కదలనిచో కాళ్ళలో రక్తము గడ్డకట్టును, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయము. వైద్యులు లేచి నడువుమన్న దినముననే నడిపింపవలెను. జ్వరము, కోతనుండి చీము, దుర్వాసనగల స్రావము, గంటకొక గుడ్డ తడియునంత రక్తము, పిక్క వాచి నొప్పియగుట, ఆయాసము - వీనిలో ఏది కనబడినను తెల్లవారనిమ్మనక 108కి ఫోను చేయుడు. మనకు కంభమో, మార్కాపురమో పోవలెను. నల్లమల అంచు గూడెములవారికి దారియే సగము ప్రాణము తీయును.

కోత జరిగినదని ముర్రుపాలు మానిపింపరాదు. తల్లికి తెలివి రాగానే బిడ్డను రొమ్మునకు పట్టింపవలెను. తేనె, చక్కెరనీళ్ళు వలదు. బిడ్డ పాలు త్రాగకున్నను, ఒడలు చల్లబడినను, ఎగయూపిరి పెట్టినను ఆలసింపరాదు.

ఇంకొక మాట. గర్భసంచిపై మచ్చ మిగులును. మరుసటి గర్భమున మాయ దానికి అంటుకొనిపోవచ్చును, నొప్పులలో మచ్చ చిట్లవచ్చును. కనుక రెండేండ్లయినను ఎడముంచవలెను. రెండవ కానుపు ఇంటిలో తలపెట్టక, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి మొదటి కోత కాగితములు వెంట తీసికొనిపోవలెను.