కంచే చేను మేస్తే...
(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఖర్రా నమలడం అలవాటైన చంద్రపూర్, బల్లార్షా ప్రాంతాలకు నోటి కేన్సర్ కొత్త పేరు కాదు. శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీలకు తోడుగా నేడు ఇమ్యునోథెరపీ కూడా వచ్చింది. దాని మేలుతో పాటు ముప్పు కూడా ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి.

శరీరానికి టీ-కణాలు కావలివారు. అవి హద్దు మీరకుండా ప్రకృతి వాటికి పగ్గాలు వేసింది. కేన్సర్ కణాలు ఆ పగ్గాలనే బిగించి తప్పించుకుంటాయి. వాటిని సడలించే మార్గం చూపినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు ముదిరిన తల, మెడ కేన్సర్ రోగులకు మాత్రలతో పాటు నివోలుమాబ్‌ను మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల స్వల్ప మోతాదులో ఇచ్చి చూశారు. 2022లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తరువాత జీవించి ఉన్నవారు 16.3 శాతం కాగా, నివోలుమాబ్ కూడా పొందినవారిలో 43.4 శాతం. ఆ మాత్రలలో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకొన్నదే.

అయితే పగ్గం సడలిన కణాలు ఒక్కొక్కప్పుడు సొంత అవయవాలపైనే దాడి చేస్తాయి. కంచే చేను మేసినట్లవుతుంది. దద్దుర్లు, థైరాయిడ్ లోపం తరచుగా కనిపిస్తాయి. ఊపిరితిత్తులు, పెద్దప్రేగు, కాలేయం వాచడం తీవ్రమైనవి. గుండె కండరాల వాపు మిక్కిలి అరుదు, మిక్కిలి ప్రమాదకరం. 2016లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం అది నివోలుమాబ్ ఒక్కటే వాడినవారిలో పదివేలకు ఆరుగురికి, ఇపిలిముమాబ్ కూడా కలిపినప్పుడు 27 మందికి వచ్చింది.

సకాలంలో గుర్తిస్తే మందు నిలిపి, స్టెరాయిడ్లతో చాలామందిని కాపాడవచ్చు. ఆలస్యమే అసలు శత్రువు. నాగపూర్‌లోనో ముంబయిలోనో ఇంజెక్షన్ తీసుకొని ఇల్లు చేరిన రోగికి ఆయాసం వస్తే జలుబనీ, విరేచనాలైతే తిండి పడలేదనీ అనుకోవడం సహజం. చికిత్స ముగిసిన నెలల తరువాత కూడా ఈ లక్షణాలు రావచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం, ఆగని విరేచనాలు, కళ్లు పచ్చబడడం, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. స్టెరాయిడ్లు సొంతంగా వాడరాదు.

ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ముందుగా చెప్పవలసిన మాట, రోగి ఇమ్యునోథెరపీ తీసుకొన్నాడన్నది. కేసు కాగితాలు చదువలేని పెద్దల కోసం ఆ మందు పేరు, చివరి మోతాదు తేదీ, ఆసుపత్రి ఫోను నంబరు ఒక చీటీపై వ్రాసి వారి జేబులో ఉంచడం చదువుకొన్న పిల్లలు చేయగల పని. ఈ బడిలో నేర్చిన అక్షరం ఆ చీటీ రూపంలో ఒక ప్రాణాన్ని నిలిపితే, పాఠశాలకు అంతకు మించిన గురుదక్షిణ ఉండదు.