నొప్పి తగ్గినంత మాత్రాన రోగం తగ్గలేదు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా తల్లిదండ్రుల సభలో దంతవైద్యుడైన ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదేళ్ళ పండుగనాడు పాఠశాల కీర్తిని గురించి చెప్పవలసినవాడు పళ్ళను గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. "మీకు బాగా తెలిసినది, మనవాళ్ళకు పనికివచ్చేది చెప్పండి" అని నిర్వాహకులు ఆజ్ఞాపించారు. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో నాకు బాగా తెలిసినది ఒక్కటే. మనవారు పంటి వైద్యాన్ని వాయిదా వేసినంతగా మరే వైద్యాన్నీ వాయిదా వేయరు. కాలు బెణికితే ఆ పూటే కట్టు కట్టించుకుంటాం. పన్ను సలిపితే మాత్రం లవంగం పెట్టుకుని పడుకుంటాం. తెల్లవారేసరికి నొప్పి తగ్గితే రోగమే తగ్గిందనుకుంటాం.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. అయినా మన కామాటిపురాలో, మన చాళ్ళలో ఈ వాయిదాకు ప్రత్యేకమైన కారణాలున్నాయి. వాటిని మనమే విప్పి చూసుకోవాలి.

మొదటి కారణం భయం. భయపడేవారిని పిరికివారని తీసిపారేయడం తగదు. 18వ శతాబ్దపు చివరినాటికే తెలుగు నేల నుండి వచ్చి, ఈ దీవుల నడుమ బురద పూడ్చి, రోడ్లు వేసి, మేడలు కట్టి, ఒక పేటకు తమ పేరునే ఇచ్చిన కామాటీల సంతతి మనది. నెత్తిన ఇటుకల తట్టతో నాలుగంతస్తులు ఎక్కినవారికి ధైర్యం లేదని ఎవరనగలరు? ఆ భయం వెనుక చూసిన అనుభవాలున్నాయి.

నా చిన్నతనాన మా చాళులో ఒక మామయ్య ఉండేవాడు. మిల్లులో సాంచాల మీద పని. పై దవడ పళ్ళు పీకిస్తే చూపు పోతుందని ఎవరో చెప్పగా, కింది పన్నే గదా అని ధైర్యం చేసి, కాలిబాటపై గుడ్డ పరచుకుని కూర్చునే పళ్ళవాని చేత పన్ను తీయించుకున్నాడు. అప్పటికే నెల రోజులుగా ఆ దవడ వాచి ఉంది. మూడోనాటికి వాపు గొంతు కిందికి దిగింది. నాలుక పైకి లేచింది, మాట పోయింది, ఊపిరి ఆడలేదు. ఆసుపత్రిలో గొంతుకు రంధ్రం చేసి ప్రాణం నిలబెట్టారు. ఆ మచ్చ ఆయన మెడపై కడదాకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా చాళంతా నేర్చుకున్న పాఠం "పన్ను పీకిస్తే ప్రాణం మీదికి వస్తుంది" అనేది. నేను దంతవైద్యం చదివిన తరువాతగాని అసలు పాఠం తెలియలేదు. ఆ చీము దింపే వ్యాధిని లుడ్విగ్ అనే జర్మను వైద్యుడు 1836లోనే వర్ణించాడు. ఆయన ప్రాణం మీదికి తెచ్చినవి రెండు: నెల రోజుల ఆలస్యం, శుభ్రపరచని పట్టకారు. పన్ను తీయడం కాదు.

పై పన్నుకూ కంటి చూపుకూ సంబంధం లేదు. ఆ పంటికి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. అలాగే వాకుడు గింజల పొగ పట్టిస్తే పంటి పురుగులు రాలిపడతాయని మన పల్లెల్లో నమ్మకం. రాలేవి పురుగులు కావు, గింజల ముక్కలు. పన్ను పుచ్చడానికి కారణం కంటికి కనిపించని సూక్ష్మక్రిములు. మనం తిన్న తీపిని అవి ఆమ్లంగా మార్చి పంటి పై పొరను కరగిస్తాయి. పళ్ళ సందుల్లో మాత్రలు, పొగాకు పెట్టుకునేవారు చిగుళ్ళను కాల్చుకుంటున్నారే తప్ప పన్నును బాగుచేసుకోవడం లేదు.

ఇక సూదిమందు సంగతి. అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు 1844లో నైట్రస్ ఆక్సైడు వాయువు పీల్చి తన పన్నునే తీయించుకుని, నొప్పి తెలియలేదని చాటాడు. రెండేళ్ళకు, 1846లో, మోర్టన్ అనే మరొక దంతవైద్యుడు బోస్టను ఆసుపత్రిలో ఈథరు మహిమను పెద్ద వైద్యులకు చూపించాడు. నొప్పి లేని శస్త్రచికిత్సకు బాట వేసినవారు పంటి వైద్యులేనన్నమాట! 1943లో స్వీడన్‌లో రూపొందిన లిగ్నోకైన్ మందు నేటికీ మా చేతిలో ఉంది. సూది గుచ్చిన చురుకు నిజమే. ఆ తరువాత లాగినట్లు, నొక్కినట్లు తెలుస్తుందేగాని కోసినట్లుండదు. మందు పూర్తిగా పట్టలేదనిపిస్తే చెయ్యి ఎత్తండి, వైద్యుడు ఆగుతాడు. ఆగమని అడిగే హక్కు మీకుంది.

రెండవ కారణం ఖర్చు. దీనిలోనూ కొంత నిజం, కొంత పొరపాటు కలిసి ఉన్నాయి. మన తండ్రుల తరంలో చాలామంది మిల్లు కార్మికులు. ఈఎస్ఐ కార్డు ఉండేది. రోగం వస్తే ఒక దారి ఉండేది. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మె తరువాత వేలాది కుటుంబాలు జీతంతోపాటు ఆ దారినీ పోగొట్టుకున్నాయి. రోజుకూలికి దిగినవానికి, వెయ్యి బీడీలకింతని లెక్కకు చుట్టే ఆడపడుచుకు ఆసుపత్రికి వెళ్ళిన పూట కూలి లేని పూటే. వైద్యం ఉచితమైనా వరుసలో నిలబడిన కాలం ఉచితం కాదు. ఈ సంగతి తెలియకుండా "ఆరోగ్యం ముఖ్యం" అని ఉపన్యసించడం న్యాయం కాదు.

కాని లెక్కను చివరిదాకా వేయాలి. పన్ను పైపైన పుచ్చినప్పుడు నింపించుకుంటే ఒక పూట పని. లోపలి నరం దాకా పుచ్చితే రూట్ కెనాల్. మూడు నాలుగు పూటలు, ఆపైన తొడుగు. దానికీ వెళ్ళకపోతే పన్ను తీయాలి, తీసినచోట కట్టుడు పన్ను పెట్టాలి, లేకపోతే పక్కపళ్ళు ఒరుగుతాయి. ప్రతి మెట్టుకూ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ వైద్యం ఖరీదు కావడానికి మన వాయిదాయే చాలావరకు కారణం. ఈ మధ్యకాలంలో మింగిన నొప్పిమాత్రల డబ్బు, వాటివల్ల కడుపుకూ మూత్రపిండాలకూ జరిగిన చేటు ఏ లెక్కలో వేస్తాం?

అన్నింటికంటె మోసకారి ఏమిటంటే, ఒకనాడు నొప్పి దానంతట అదే పోతుంది. పంటిలోని నరం చచ్చిపోయినందువల్ల అది పోతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చీము మాత్రం వేరు కొసన చేరి ఎముకను తినడం మొదలుపెడుతుంది.

మూడవ కారణం సిగ్గు. దీనిని గురించి చెప్పేటప్పుడు నేను నేరస్థుని స్థానంలో నిలబడాలి. వృత్తిలో చేరిన కొత్తలో బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చింది. ఏళ్ళ తరబడి మిశ్రీతో పళ్ళు తోమిన నోరు. చిగుళ్ళు కరిగి, గార కట్టి ఉంది. బుగ్గ లోపల తెల్లని మచ్చ. నేను అద్దం లోపల పెట్టగానే, "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావమ్మా? నోరు ఇలాగా పెట్టుకునేది?" అన్నాను. పక్కన మరో ఇద్దరు వింటున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వారం తరువాత రమ్మన్నాను, రాలేదు. రెండేళ్ళకు కూతురు చేయి పట్టుకుని వచ్చింది. ఆ తెల్లమచ్చ ఉన్నచోట పుండు. పరేల్‌లోని టాటా ఆసుపత్రికి పంపాను. దవడ సగం తీశారు. ఏడాది తిరగకుండానే ఆమె పోయింది.

వ్యాధి ఆమెను తీసుకుపోయింది, నిజమే. కాని రెండేళ్ళ కాలాన్ని నా మాట తీసుకుపోయింది. ఆ మచ్చ దశలో మిశ్రీ మానిపించి, నెలనెలా చూసి ఉంటే కథ వేరుగా ఉండేదేమో! ఆనాటి నుండి నోరు తెరిచిన ఏ మనిషినీ నేను ఆ ప్రశ్న అడగలేదు. "వచ్చారు, మంచిపని చేశారు" అన్నదే నా మొదటి మాట. ఇళ్ళలోనూ ఇదే పాటించమని నా మనవి. "తోముకోకపోతే ఇంతే" అని పిల్లవాణ్ణి దెప్పితే, మరోసారి నొప్పి వచ్చినప్పుడు వాడు దాచుకుంటాడు.

నల్లగొండ ప్రాంతం నుండి వచ్చినవారికి మరొక మాట. పళ్ళపై గోధుమరంగు చారలున్నందుకు చేయి అడ్డం పెట్టుకుని నవ్వే యువకులను నేను చాలామందిని చూశాను. అది మీ అశుభ్రత కాదు. పళ్ళు ఏర్పడే బాల్యంలో తాగిన నీటిలోని ఫ్లోరైడు గుర్తు. మన దేశంలో ఈ వ్యాధిని గుర్తించి 1937లోనే ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లాలో. ఇటుకపొడితో, బొగ్గుతో ఎంత రుద్దినా ఆ రంగు పోదు, పన్నే అరిగిపోతుంది. వైద్యుని వద్ద దానికి ఉపాయాలున్నాయి.

ఇక మన తెలుగు పాఠశాలకు ఈ విషయంతో గల సంబంధం చెబుతాను. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నాయో గమనించారా? చల్లనీళ్ళకు "జివ్వు"మంటే పై పొర దెబ్బతిన్నదని మేము ఊహిస్తాం. రాత్రి పడుకున్నాక "సలుపుతోంది" అంటే నరం దాకా వెళ్ళిందని అనుమానిస్తాం. "కొరికితే పోటు" అంటే వేరు కొసన చూస్తాం. సగం రోగనిర్ణయం ఆ మాటలోనే ఉంది. ఈ నగరపు ఆసుపత్రిలో మన అత్తలు, పెద్దమ్మలు ఆ మూడింటినీ "దర్ద్ హై" అన్న ఒక్క మాటలో కుదించి ఊరుకుంటారు. వైద్యుడు విసుక్కుంటే మరి నోరు విప్పరు. ఇక్కడ తెలుగూ, మరాఠీ, హిందీ మూడూ నేర్చిన మన తొమ్మిదో తరగతి పిల్లలు వారికి నోరు కావాలి. పెద్దలను ఆసుపత్రికి తోడుగా తీసుకువెళ్ళి చెప్పించగలిగితే వారి చదువుకు అంతకంటె పరీక్ష ఏముంది?

ఎక్కడికి వెళ్ళాలి? మన గల్లీల నుండి నడిచి వెళ్ళగల దూరంలో, ముంబయి సెంట్రల్ వద్ద, 1933లో స్థాపితమైన నాయర్ దంతవైద్య కళాశాల ఉంది. అది నగరపాలక సంస్థది. కోట ప్రాంతంలో సెయింట్ జార్జి ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. బయటి క్లినిక్కుల కంటె అక్కడ ఖర్చు చాలా తక్కువ. విద్యార్థులు చేస్తారని కొందరు జంకుతారు. వారి వెనుక అధ్యాపకులుంటారు. పని నెమ్మదిగా సాగుతుందేగాని నిర్లక్ష్యంగా సాగదు. ఎక్కడికి వెళ్ళినా ముందే "ఏమేమి చేయాలి? ఏది ఇప్పుడే చేయాలి? ఏది ఆగవచ్చు? ఎంతవుతుంది?" అని అడగండి. అడగడం అగౌరవం కాదు.

తల్లులకు ఒక ముఖ్యమైన సంగతి. పాలపళ్ళు ఇరవై. ఆరో ఏట, ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటి వెనుక ఒక పెద్ద దంతం వస్తుంది. అదీ పాలపన్నే, ఊడిపోతుంది లెమ్మని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. నేను తీసివేసిన పళ్ళలో ఎక్కువ అదే. ఒకటో తరగతి పిల్లల నోరు వెలుతురులో తెరిపించి ఆ పన్నును చూడండి. రాత్రి పడుకునే ముందు తోమించండి. ఆ తరువాత బిస్కెట్టు, తీపిపాలు ఇవ్వకండి.

తండ్రులకు మరొకటి. వక్క క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. అంటే పొగాకు కలపకపోయినా అది ప్రమాదమే. మహారాష్ట్ర 2012లో గుట్కాను నిషేధించింది. అయితే వక్క ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లంగా కొని కలుపుకునే దారి వెతుక్కున్నారు. చట్టాన్ని తప్పించుకోగలంగాని బుగ్గను తప్పించలేం. రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ, క్రమంగా నోరు తెరుచుకోకపోవడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా మరునాడే వెళ్ళండి. వీటికి నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదన్నదే వాటి ప్రమాదం.

చివరగా ఈ సభ ముందు రెండు విన్నపాలు. ఒకటి, ప్రతి సంవత్సరం జూన్‌లో బడి తెరిచిన వారంలో పిల్లలందరి పళ్ళూ పరీక్షించే ఏర్పాటు ప్రారంభించాలి. నాతోపాటు వైద్యవృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థులు వంతులు వేసుకుని వస్తాం. రెండు, పూర్వ విద్యార్థులు ఈ జూబిలీ గుర్తుగా ఒక చిన్న నిధి ఏర్పరచాలి. అది వైద్యపు ఖర్చుకు మాత్రమే కాదు. పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళిన తల్లికి ఆనాటి కూలి ఇవ్వడానికి. ఆ ఒక్క పూట కూలి భయం తీరితే, మిగిలిన భయాన్ని మేము తీర్చగలం.

మామయ్య మెడమీది మచ్చను చూసి మేము తప్పు పాఠం నేర్చుకున్నాం. సరైన పాఠం చెప్పవలసిన చోటు బడి. అందుకే ఈ పండుగనాడు పళ్ళను గురించి మాట్లాడాను.  ఇంటికి వెళ్ళాక ఒకరి నోరు ఒకరు చూడండి. చూసి, ఎవరినీ ఏమీ అనకండి. రేపు ఉదయం తీసుకువెళ్ళండి.