చూసుకోడానికీ, కోసుకోడానికీ ఒక బంతి మడి

(బిలాస్‌పూర్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల కలయికలో ఒక ఉద్యోగి సతీమణి చేసిన ప్రసంగ పాఠం)

పూలతోటల గురించి ఒక అరగంట మాట్లాడమన్నారు. తోట అంటే పెద్ద మాటండీ. మనలో చాలామందికి ఉన్నది అద్దె ఇంటి ముందు ప్రహరీ పక్కన పదీ పన్నెండు అడుగుల జాగా. అందుకని ఆ పన్నెండు అడుగుల గురించే, అందులోనూ ఒక్క బంతి గురించే చెబుతాను.

బంతి మడి వేసిన ప్రతి తెలుగింట్లోనూ పండగ ముందురోజు ఒక తగువు వస్తుంది. మూడు నెలలు నీళ్లు పోసిన మనిషికి ఆ పూలు మొక్క మీదే ఉండాలి. అత్తగారికి గుమ్మానికి దండ కావాలి. పిల్లలకి గొబ్బెమ్మల మీదకి ముద్దబంతులు కావాలి. కోశారా, సాయంత్రానికి మడి బోడిగుండు. కోయలేదా, "ఇంటి నిండా పూలు పెట్టుకుని బజార్లో దండ కొంటారటమ్మా" అని వచ్చినవాళ్లంతా అనేవాళ్లే. ఈ తగువుకు మందు మడి గీసే రోజునే ఉంది. నేను చెప్పదల్చుకున్నది అంతే.

మనకు పువ్వంటే కోసేది. దేవుడికి, జడకి, గుమ్మానికి, బతుకమ్మకి. పువ్వును మడిలోనే ఉంచి దూరం నుంచి చూడటం మనకి తరవాత వచ్చిన అలవాటు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో నారుమళ్లలో మొక్కలు పెంచి, కాలానికి ఒకసారి మళ్లలోకి మార్చి, రంగుల ముగ్గులా పరిచే పద్ధతి బాగా సాగింది. అది కంటోన్మెంట్లతో, రైల్వే బంగళాలతో మన దేశమంతా పాకింది. ఏటవాలుగా పాతిన ఇటుకలు, వాటికి కావి, సున్నం, లోపల వరసగా పూలు... చిన్న స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద మీరంతా చూసే ఉంటారు.

ఈ రెండు అలవాట్లూ కలిసిన ఊరు ఇది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తీరపు లైను కూడా దాని చేతికి వచ్చింది. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తయింది. ఇంక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లకి బిలాస్‌పూర్ ఎంత దూరమండీ? రైలు పనికి వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. మా తాతగారూ అలా వచ్చినవారే. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఈ ఊరు కేంద్రం అయ్యేనాటికి మనవాళ్లవి మూడు నాలుగు తరాలు గడిచాయి. అందుకే రైల్వే కాలనీలో ఇటుకల అంచు ఇంగ్లీషుది, లోపల బంతి గొబ్బెమ్మలది.

ఇక్కడివాళ్లు బంతిని గోందా అంటారు. 1971లో దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ గారు ఛత్తీస్‌గఢీ పాట, ఆటల కోసం పెట్టిన ప్రసిద్ధ బృందం పేరు కూడా 'చందైనీ గోందా'యే. ఇంతగా మనదీ వాళ్లదీ అనుకునే ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్లతో ఓడలో వచ్చిందంటారు. అక్కడ చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగకి బంతిపూలతోనే దారి పరుస్తారు.

సరే, మడి దగ్గరికి వద్దాం.

పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు నాలుగు అడుగులు అనుకోండి. మనం మామూలుగా మడిని గోడకు ఆనించి వేస్తాం. అలా వద్దు. గోడకీ మడికీ మధ్య అడుగున్నర దారి వదలండి. స్థలం పోయిందని బాధపడకండి, అసలు కీలకం ఆ దారే. పొడుగు ముద్దబంతి గోడ వైపు, పొట్టి రేకబంతి వీధి వైపు. పండగకి కావలసిన పూలన్నీ వెనక దారిలో నిలబడి, గోడ వైపు కొమ్మల్నుంచి కోసుకుంటారు. వీధిలోంచి చూసేవాళ్లకి ముందు వరస చెక్కుచెదరదు. ముందు వరసలో వాడినవి మాత్రం తుంచేస్తుంటే సరి, అక్కడ కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి. అత్తగారికి దండ, మామగారికి మడి.

బ్యాంకు వాళ్లం కాబట్టి లెక్క కూడా చెప్పుకుందాం. నాలుగు అడుగులంటే 48 అంగుళాలు. గోడ వైపు అంచు నుంచి 8 అంగుళాలు వదిలి ముద్దబంతి మొదటి వరస. దానికి 15 అంగుళాల ముందు రెండో వరస. మొక్కకీ మొక్కకీ అడుగున్నర. మొదటి వరసలో ఎనిమిది, రెండో వరసలో ఆ ఎనిమిదింటి సందుల్లో ఏడు. తరవాత 12 అంగుళాలకి బొగడబంతి, అడుగుకి ఒకటి చొప్పున పన్నెండు. ఆపైన 8 అంగుళాలకి రేకబంతి, 9 అంగుళాలకి ఒకటి, పదహారు. అంతా కలిపి 43 మొక్కలు. చివర మిగిలిన 5 అంగుళాల్లోకి రేకబంతి వాలుతుంది. కొంచెం ఇటుకల మీదకి వచ్చినా అందమే. నాటిన రోజు మాత్రం మడి వెలవెలబోతుంది. అది చూసి మధ్యలో ఇంకో ఇరవై మొక్కలు దూర్చే చెయ్యి ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఆ చేతిని ఆపండి. ఇరుకైతే గాలి ఆడక కింద ఆకులు కుళ్లుతాయి, మొక్క వెలుతురు కోసం సన్నగా పైకి సాగి గాలికి పడిపోతుంది.

మధ్యలో బొగడబంతి ఎందుకంటే, దానికి పేరే బంతి గాని వంశం వేరు. దాని ఊదారంగు పక్కన ఉంటేనే నారింజ, పసుపు మెరుస్తాయి. ఉత్త బంతే మడంతా వేస్తే దూరానికి ఒకే పచ్చటి ముద్దలా కనిపిస్తుంది. బొగడబంతి దొరక్కపోతే సీతమ్మ జడ వేయండి. ఇంకో మాట. నారింజ, పసుపు మొక్కల్ని ఒకటి విడిచి ఒకటి నాటడం మనకి సరదా. దగ్గర్నుంచి బాగుంటుంది, వీధిలోంచి అది చుక్కల చీరలా కలగాపులగం. మడికి ఒక చివర అయిదారు మొక్కలు పసుపు, తక్కిన పొడవంతా నారింజ పెట్టి చూడండి. సరిసమానం కానక్కర్లేదు. కాకపోతేనే కంటికి బాగుంటుంది.

ఇప్పుడు కాలం. బంతికి పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ముద్దబంతికి విత్తు నుంచి నిండు పూతకి మూడు, మూడున్నర నెలలు. దీపావళికి కావాలంటే జూలై మధ్యకి నారు పోయాలి. సంక్రాంతికైతే సెప్టెంబరు మధ్యలో పోసి, అక్టోబరు మధ్యకల్లా మడిలో నాటాలి. నాటిన నెల, నెలా పదిరోజులకి నడి తల తుంచండి. పక్క కొమ్మలొచ్చి పూలు ఎక్కువవుతాయి. కాని పూత పది పదిహేను రోజులు వెనక్కి పోతుంది. ఆ రోజులు లెక్కలో వేసుకోకుండా తల తుంచితే పండగకి మొగ్గలే మిగులుతాయి. రేకబంతి తొందరగా, రెండు నెలల్లోపే పూస్తుంది. దాన్ని ఒక నెల ఆలస్యంగా పోయండి, రెండూ కలిసి విచ్చుకుంటాయి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. అదే ముద్దబంతి విత్తనం జూలైలో పోస్తే నడుము ఎత్తు పెరుగుతుంది. చలికాలం మడిలో చాలా పొట్టిగా ఉండగానే మొగ్గ తొడుగుతుంది. పగలు పొడవుగా ఉన్నన్నాళ్లు అది ఒళ్లు పెంచుకుంటుంది, పగలు కురచబడితే పూతకి తొందరపడుతుంది. అందుకని దీపావళి మడికి వెనక వరసలో వెదురు పుల్లలు పాతి తాడు కట్టాలి. సంక్రాంతి మడికి ఆ పని ఉండదు, కాని ముందు వరసకి నిజంగా పొట్టి రకమే ఎంచుకోవాలి, లేకపోతే ముందూ వెనకా ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. విత్తనాల్లో ఢిల్లీ పూసా సంస్థ వాళ్ల పూసా నారంగి, పూసా బసంతి పేరున్నవి. ఒకటి నారింజ, ఒకటి పసుపు. రెండూ ముద్దబంతులే. ఆ పొట్లాలు దొరక్కపోతే బజారులో దండల అమ్మ దగ్గర బాగా ఎండిన నాటు పువ్వు అడిగినా చాలు.

ఇక్కడి నేల సంగతి కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు తెలుసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలకి నాలుగు పేర్లు చెబుతారు. గులకరాళ్ల ఎర్రనేల భాటా, పసుపు ఛాయది మటాసీ, నడిమధ్యది డోర్సా, నల్లరేగడి కన్హార్. మీ ఇంటి ముందున్నది కన్హార్ అయితే వానాకాలంలో నీళ్లు నిలిచి బంతి వేరు రెండు రోజుల్లో కుళ్లుతుంది. మడిని నేల కన్నా ఆరేడు అంగుళాలు ఎత్తు చేసి, ఇసక, బాగా చివికిన పేడ ఎరువు కలపండి. భాటా అయితే ఇసక అక్కర్లేదు, ఎరువు రెట్టింపు వేయండి. యూరియా జోలికి ఎక్కువ పోవద్దు. ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు. రైల్వే కాలనీ వైపు పాత చెట్ల నీడ చల్లగా ఉంటుంది గాని, రోజుకి ఆరు గంటలు ఎండ తగలనిచోట బంతికి డబ్బు తగలేయకండి.

టమాటా చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే పురుగు రాదని మీరంతా విని ఉంటారు. అందులో సగమే నిజం. బంతి వేళ్లలోంచి వచ్చే పదార్థం నేలలోని నులిపురుగుల్ని అణుస్తుంది. కాని అది ఒక మడిలో మూడు నాలుగు నెలలు ఒత్తుగా బంతే పెంచి, తరవాత అక్కడ టమాటా, వంగ వేస్తే పనికొస్తుంది. నాలుగు మొక్కలు అలంకారానికే. ఫిబ్రవరి దాటి ఎండ ముదిరితే బంతికే ఎర్రనల్లి పడుతుంది. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. అప్పటికీ తగ్గకపోతే పీకేయండి, కాలం అయిపోయినట్టే.

పూలదొంగల మాట మరిచాను. తెల్లవారుజామున వాకింగ్ పేరుతో సంచీ పట్టుకుని వచ్చేవారు ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్లలో చాలామంది మనకి తెలిసిన పిన్నిగార్లే, గట్టిగా ఏమీ అనలేం. గేటు బయట ఇటు రెండు, అటు రెండు మొక్కలు వాళ్ల పేరు మీద వేసేయండి. చేతికి అందేవి దొరికితే ఎవరూ లోపలికి వంగరు. పుష్య పున్నమికి ఛేర్‌ఛేరా అంటూ ధాన్యం అడగడానికి ఇంటింటికీ పిల్లలొస్తారు కదా, మా ఇంట్లో గుప్పెడు బియ్యంతోపాటు ఆ గేటు మొక్కల పువ్వు ఒకటి వాళ్ల చేతిలో పెడతాం.

"మూడేళ్లకి బదిలీ అయ్యేవాళ్లం, మాకెందుకండీ మడి" అని ఇందాక ఒక వదినగారు అడిగారు. మామిడి నాటితే ఆ బాధ నిజమే. బంతి సెప్టెంబరులో మొదలై మార్చికల్లా ముగుస్తుంది. మన బదిలీ కాగితాలు ఎక్కువగా ఆ తరవాతే వస్తాయి. వెళ్లే ముందు చెయ్యవలసింది ఒక్కటే. వెనక వరసలో మంచి పువ్వులు నాలుగు మొక్క మీదే పూర్తిగా ఎండనిచ్చి, నీడన వారం ఉంచి, కాగితం పొట్లంలో కట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది. పొట్లం మీద రంగు, నెల రాయండి. హైబ్రిడ్ విత్తనం రెండో ఏడు తల్లిలా రాదు. నాటు బంతి పక్కనున్న రంగుతో కలిసి ఒక్కోసారి కొత్త ఛాయ ఇస్తుంది, దానికి కోప్పడక్కర్లేదు.

అక్కడ బల్ల మీద పోయినేడాది మా మడి విత్తనాల పొట్లాలు పెట్టాను. తెల్ల కాగితంలోవి ముద్దబంతి, పాత క్యాలెండరు కాగితంలోవి రేకబంతి. ఇంటికి ఒక జత చొప్పున తీసుకోండి. రెండే వారాల్లో నారు పోయాలి. బొగడబంతి నారు కావలసినవాళ్లు మాత్రం పేరు, క్వార్టరు నంబరు రాసిచ్చి వెళ్లండి. అది ఇంకా మొలకెత్తుతోంది.