తప్పిపోయిన బిడ్డలు – మన కర్తవ్యం

ఉగాదిపూట ఒక్క ముఖ్య విషయం మనవి చేస్తున్నాము.

బిడ్డ తప్పిపోతే ‘ఒక రోజు చూద్దాం’ అని ఠాణావారు తిప్పి పంపరాదు; వెంటనే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఆదేశించినది. 1098కి ఫోను చేస్తే రాత్రింబవళ్లు పలుకుతారు. దేశమంతటా 2015లో ఆరంభమైన ఆపరేషన్ స్మైల్, ముస్కాన్‌ల మూలంగా పోలీసులు రైల్వే స్టేషన్లలోను, ఆశ్రమాలలోను వెదకి వేలాది బిడ్డలను ఇళ్లకు చేర్చినారు.

అయితే ఈ మహారాష్ట్రలో దొరికిన బిడ్డకు తెలుగే వచ్చి, అడిగేవారికి మరాఠీయే వస్తే, సర్కారు మాత్రం ఇల్లెట్లా కనిపెడుతుంది? కనుక తలిదండ్రుల పేర్లు, పేట పేరు, ఫోను నంబరు మన పిల్లలకు రెండు భాషలలోను కంఠస్థం చేయిద్దాం. ‘తెలుగు బిడ్డ దొరికితే కబురంపండి, వచ్చి మాట్లాడతాము’ అని సంఘం తరఫున ఠాణాలో, స్టేషనులో మన పేర్లిచ్చి వద్దాం.