ప్లాస్టిక్ సంచి – చట్టము, అలవాటు

అంగడికి పోవునప్పుడు సంచి చేతబట్టుకొని పోవుట ఒకప్పుడు ఎవ్వరికిని నేర్పవలసిన విద్య కాదు. కూరలకు గుడ్డసంచి, బియ్యమునకు గోనెసంచి, నూనెకు సీసా ఇంటినుండియే బయలుదేరెడివి. పప్పును, బెల్లమును పచారీ కొట్టువారు కాగితములో పొట్లము కట్టి, పురికొస చుట్టి ఇచ్చెడివారు. ఈ ఏర్పాటును మన కండ్ల యెదుటనే ఒక పలుచని సంచి తలక్రిందులు చేసినది. పట్టుకొనుటకు పిడులతో సహా ఒకే ముక్కగా తయారగు ఈ సంచికి స్వీడను దేశపు సెల్లోప్లాస్ట్ సంస్థ 1965లో పేటెంటు పొందినది. వెల తక్కువ, బరువు తక్కువ, తడికి చెడదు. ఈ గుణములు అమ్మువారిని, కొనువారిని కూడ వశపరచుకొన్నవి. కాని ఆ చెడకపోవుటయే తరువాత దానికి పెద్ద దోషమైనది.

ఆ దోషమును దేశములు నీటివలన తెలిసికొన్నవి. బంగ్లాదేశమునందు 1988లోను, 1998లోను వచ్చిన వరదలలో సంచులు మురుగు కాలువలకు అడ్డుపడి నీటిని పోనీయలేదు. 2005 జూలై 26వ తేదీన బొంబాయిలో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడును, నీరు తీయకపోవుటకు గల కారణములలో ఈ సంచులు కూడ చేరినవి. మన పుట్టపర్తిలో ఈ పాఠమును పశువులు నేర్పినవి. అచ్చటి కరుణా సొసైటీ అను జంతు సంరక్షణ సంస్థవారు వీధి ఆవులకు శస్త్రచికిత్స చేయించి, వాని కడుపులనుండి పదుల కిలోల ప్లాస్టిక్కును తీయించిరి. 2012లో ఈ విషయమై సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. ఆ ప్లాస్టిక్కు ఆవు కడుపులోనికి ఎట్లు చేరినది? మనము మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కులను సంచిలో వేసి ముడివేసి పారవేయుదుము. ఆవునకు ముడి విప్పుట రాదు. అన్నముతోపాటు సంచిని కూడ మ్రింగును. అది జీర్ణము కాదు, బయటికిని పోదు.

ఇక చట్టముల మాట. మన దేశములో మొదట చట్టము చూపు సంచి మందముపై నిలిచినది. 1999 నియమములు 20 మైక్రానులకు తక్కువ మందముగల సంచులను కూడదనినవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. 2011లో ఆ హద్దు 40కి, 2016లో 50కి, 2021 సెప్టెంబరు 30 నుండి 75కి, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు పెరిగినది. దీని వెనుక ఒక తర్కము కలదు. పలుచని సంచి కొన్ని గ్రాములే తూగును. కిలో బరువు కావలెనన్న వందలకొలది ఏరవలెను. కనుక చిత్తుకాగితములు ఏరుకొనువారు కూడ దానిని ముట్టరు. మందమైనచో దానికి పాత సామానుల కొట్టులో విలువ వచ్చును. ధర పెరిగి, అంగడివారును ఉచితముగా ఇయ్యరు.

తర్కము మంచిదే. కాని బండిపై వంకాయలు అమ్ముకొను అవ్వ 50 మైక్రానులకు, 75 మైక్రానులకు భేదమెట్లు తెలిసికొనును? తనిఖీకి వచ్చిన ఉద్యోగికిని కొలిచెడి సాధనము కావలెను. కంటికి కనబడని హద్దును కాపాడుట కష్టము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకును ఈ చిక్కే ఎదురైనది. 2014 నాటి చట్టము పలుచని సంచులను నిషేధించి, మరల వాడదగినవని దళసరి సంచులను వెలకు అమ్మనిచ్చినది. జనులు వానిని కూడ ఒకసారి వాడి పారవేసిరి. తుదకు 2026 జనవరి 1 నుండి దళసరి సంచులను కూడ ఇయ్యరాదని 2024లో మరియొక చట్టము చేయవలసి వచ్చినది.

మందమును లెక్కింపక, సంచినే వలదనిన ప్రాంతములును కలవు. సిక్కిము 1998లోనే ఈ మార్గము త్రొక్కినది. హిమాచల ప్రదేశము 2009లో సంపూర్ణ నిషేధమునకు పూనుకొన్నది. మన తిరుమల కొండపై 2022 జూన్ 1 నుండి ప్లాస్టిక్కును నిషేధించిరి. అలిపిరి కడ తనిఖీ యున్నది. లడ్డూ ప్రసాదమునకు జనపనార సంచులు, రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారు రూపొందించిన, మట్టిలో కలిసిపోవు సంచులు అచ్చటనే లభించునట్లు చేసిరి. వలదనుటతోపాటు దానికి మారుగా మరియొకటి చేతికి అందించుట ఇందలి కీలకము.

ఆ రెండవ పని జరుగనిచో ఏమగును? 2002లో దేశమంతటను పలుచని పాలిథీను సంచులను నిషేధించిన మొట్టమొదటి దేశము బంగ్లాదేశము. జనపనారకు పుట్టినిల్లు వంటి దేశమది. అయినను చవుక సంచికి సాటియగు నార సంచి సంతలలో సమృద్ధిగా అందలేదు, తనిఖీ సడలినది, పాత సంచి తిరిగి వచ్చినది. 2024 అక్టోబరు, నవంబరు మాసములలో ఆ ప్రభుత్వము అదే నిషేధమును మరల అమలుపరుప బూనుకొన్నది. అదే 2002లో ఐర్లండు దేశము నిషేధమునకు పోక, ఒక్కొక్క సంచికి 15 సెంట్ల పన్ను వేసినది. సంచుల వాడకము నూటికి తొంబది పాళ్లకు పైగా తగ్గినది. ఆ పన్ను పెద్ద సొమ్ము కాదు. కాని చెల్లించునప్పుడెల్ల సంచి ఇంటివద్ద మరచితిమని గుర్తుచేయును. మన దేశమునందును సంచిని ఉచితముగా ఇయ్యరాదని 2011 నియమములు శాసించినవి. కాని కొసరుగా కరివేపాకు పెట్టు అంగడివారు సంచికి వెల అడుగుటకు మొగమాటపడిరి. మనమును ఇయ్యలేదు.

పొరుగున తమిళనాడు 2019 జనవరి 1 నుండి నిషేధమును అమలుపరచి, 2021 డిసెంబరులో పసుపుపచ్చని గుడ్డసంచిని తిరిగి వాడుకలోనికి తెచ్చు ఉద్యమము ప్రారంభించినది. పెండ్లిండ్లలో తాంబూలము పెట్టి ఇచ్చెడి సంచియే అది. ఒక కాలమున దానిని పట్టుకొనుట నాగరికులకు నామోషీయైనది. ఆ నామోషీని పోగొట్టుటయే ఆ ఉద్యమపు ముఖ్యోద్దేశము.

గుడ్డసంచియైనను ఊరక రాదు. ప్రత్తికి నీరు, నేలకు ఎరువు, నేతకు శ్రమ కావలెను. కొన్న గుడ్డసంచులను అలమరలో దాచి, ప్రతి మారును క్రొత్తది కొన్నచో ప్లాస్టిక్కును మానిన ఫలము దక్కదు. ఒకే సంచిని చినుగువరకు, చినిగినచో కుట్టుకొని, వందల పర్యాయములు వాడినప్పుడే లాభము. పాత చీరతోనో, పంచెతోనో కుట్టినది మరియు మేలు.

ప్రతి నగరమునకును అలిపిరి వంటి ద్వారము లేదు. మన ఇంటికి మాత్రము గడప యున్నది. గొడుగు తగిలించుచోటనే రెండు సంచులను తగిలించుదము. తడిచెత్తను ముడివేయక విడిగా బుట్టలో ఉంచుదము. ఇంట శుభకార్యమైనప్పుడు తాంబూలమును గుడ్డసంచిలో ఇత్తము. అంగడివారు అలవాటుగా సంచి చేతికి తీసినప్పుడు, "వద్దు, మాకు ఉన్నది" అని చెప్పుదము. కొనువారు అడుగని సరకును ఏ అంగడివారును ఎక్కువ కాలము నిలువచేయరు.