చూపులేని వారికి కంప్యూటరు విద్య : మన బాధ్యత

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చూపులేని వారికి కంప్యూటరు నేర్పే పనిలో ఉన్న కార్యకర్తల పక్షాన నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించారు. మేము వక్తలము కాము. చేసిన పని, చేయలేకపోయిన పని, చేసి చెడగొట్టిన పని, ఈ మూడింటినీ దాచకుండా మీ ముందుంచడమే మా ఉద్దేశము.

ఈ పని మొదలుపెట్టినప్పుడు నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా మాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. "కండ్లు కనవడనోడు కంప్యూటరు ఎట్ల చేస్తడు?" దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక ముసలమ్మ తన మనుమణ్ణి బస్సులో వెంటబెట్టుకొని వచ్చి, గదిలో ఉన్న యంత్రాలను చూసి, "బేటా, కండ్లున్నోళ్లకే కొలువులు దొరుకుతలేవు. వీనికి ఈ డబ్బా నేర్పితే ఏమొస్తది?" అని అడిగింది. ఆనాడు మా దగ్గర సరైన జవాబు లేదు. "నేర్చుకోనియ్యి నానీ, చూద్దాం" అని మాత్రం అన్నాము. నెల తిరగకముందే ఆ పిల్లవాడు నానీ పేరు టైపు చేసి యంత్రంతో చదివించాడు. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, "మల్లొక్కసారి అనిపియ్యి" అన్నది. మాకు దొరికిన మొదటి జీతం అదే.

ఇక సంగతి ఏమనగా, కంప్యూటరుకు తెర అవసరం చూసేవారికే. తెర మీద ఉన్నదంతా గొంతుతో చదివి చెప్పే సాఫ్టువేరు ఉంటుంది. దానిని స్క్రీన్ రీడర్ అంటారు. మౌసు అక్కరలేదు, అన్నీ మీటలతోనే నడుస్తాయి. మీరు ఇంటికి వెళ్ళి కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాలను వేలితో తడిమి చూడండి. ఆ రెండింటి మీద చిన్న గీత తగులుతుంది. చూపుడు వేళ్ళు అక్కడ ఆనించుకుంటే మిగతా అక్షరాలన్నీ వాటంతట అవే వేళ్ళ కిందికి వస్తాయి. మా తరగతిలో మొదటి పాఠం ఆ రెండు గీతలే.

ఇది ఒక్కనాటి విద్య కాదు. ఫ్రాన్సు దేశపు లూయీ బ్రెయిల్ 1824లో, తన 15వ ఏట, ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. మన దేశంలో అన్ని భాషలకూ ఒకే పద్ధతిగా భారతీ బ్రెయిల్ 1951లో ఏర్పడింది. తెలుగు 'క'కు, ఉర్దూ 'కాఫ్'కు ఒకే చుక్కలు. ఉర్దూ కాగితం మీద కుడి నుంచి ఎడమకు నడిచినా, బ్రెయిల్‌లో తెలుగులాగే ఎడమ నుంచి కుడికి చదువుతారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు చదివే మన పిల్లలకు ఇదెంత మేలో చెప్పనక్కరలేదు.

కంప్యూటరు విషయానికి వస్తే, అమెరికాలో మోటారు సైకిలు పందేలలో పాల్గొనే టెడ్ హెంటర్ అనే ఆయనకు 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. ఆయన కంపెనీ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను తెచ్చింది. మంచి సాధనమే, కాని ధర మనబోటి వారికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే మిత్రుడు అతనితో కలిసాడు. ఇద్దరూ చూపులేనివారే. దానిని ఎవరైనా పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు. తెలుగు కూడా చదువుతుంది. మన తరగతి నడుస్తున్నది ఆ ఇద్దరి పుణ్యాననే. పుణేలో పుట్టిన టి.వి. రామన్ చిన్ననాడే చూపు కోల్పోయి, ఐఐటీ బొంబాయిలో చదివి, 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొంది, ఎంతో మందికి దారి చూపే సాఫ్టువేర్లు తయారుచేశాడు. చూపులేని వారికి ఈ సాధనాలను కనిపెట్టి ఇచ్చింది ఎక్కువగా చూపులేనివారే అన్న సంగతి మీరు గమనించాలి. దీనిని మేము గమనించడానికి చాలా కాలం పట్టింది. ఆ కథ ఇప్పుడు చెబుతాము.

హైదరాబాదులో దేవనార్ అంధుల పాఠశాల, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పునరావాస కేంద్రం వంటి పెద్ద సంస్థలు ఉన్నాయి. కాని అచ్చంపేట నుంచో, మిర్యాలగూడ నుంచో రోజూ పట్నం పోయి రావడం ఎవరికి సాధ్యం? కూలి మానుకొని వెంట వచ్చేదెవరు? అందుకనే ఊళ్ళకు దగ్గరగా, ఆదివారం పూట, నాలుగు పాత కంప్యూటర్లతో మొదలుపెట్టాము. ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ. వచ్చిన వారందరికీ సాయం చేయాలని తాపత్రయం. ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా మా కార్యకర్తలే కూర్చొని టకటకా నింపేసేవారు. నేర్పేకంటే చేసిపెట్టడం సులువు కదా! సాయంత్రానికి ఇన్ని దరఖాస్తులు పంపామని రిజిస్టరులో రాసుకొని సంతోషపడేవాళ్ళము.

ఒకనాడు ఒక యువకుడు ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి వచ్చాడు. డిగ్రీ చదివినవాడు, చురుకైనవాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం వికలాంగులకు, అందులో 1 శాతం అంధులకు, చూపు మందగించిన వారికి కేటాయించాలి. ఆ ఒక్క శాతం మీదనే అతని ఆశంతా. మా కార్యకర్త తొందరలో వికలాంగ విభాగం దగ్గర ఒక గడికి బదులు ఇంకొక గడి నొక్కాడు. ఆ యువకునికి చదివి వినిపించనూ లేదు. తప్పు తెలిసేసరికి దిద్దుకునే గడువు దాటిపోయింది. ఆ అవకాశం పోయింది.

మేము అతని ఇంటికి పోయి క్షమాపణ అడిగాము. అతడు కోప్పడలేదు. "భాయ్, తప్పు నేను చేసి ఉంటే నాకింత బాధ ఉండకపోవును. నాకు ఆ మీటలు వచ్చు. మీరే నన్ను కుర్చీల కూర్చోనియ్యలేదు" అన్నాడు. ఆ మాట మాకు చెంపపెట్టు. తిరిగివచ్చేటప్పుడు బస్సులో మాలో ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఆ తరువాత మా తరగతి పద్ధతి మార్చాము. మొదటిది, కార్యకర్త కీబోర్డు ముట్టరాదు. నోటితో చెప్పవచ్చు, చేయి మాత్రం వెనుకకు కట్టుకోవాలి. దరఖాస్తుకు పది నిమిషాలకు బదులు రెండు గంటలు పట్టినా సరే. రెండవది, ఎవరి పాస్‌వర్డు గాని, బ్యాంకు ఓటీపీ గాని మేము అడగరాదు, వినరాదు. నమ్మకం ఉండడం వేరు, తాళపుచెవి చేతిలో పెట్టుకోవడం వేరు. మూడవది, పంపేముందు మొత్తం పత్రాన్ని స్క్రీన్ రీడర్‌తో మొదటి నుంచి చివరిదాకా ఆ మనిషే విని, సరే అనాలి. నాలుగవది, నేర్చుకున్నవారే నేర్పేవారు కావాలి. ఈనాడు మా తరగతిలో కొత్తవారికి పాఠం చెప్పేది ఆ యువకుడే. గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చిందని మాకు చెప్పినవాడు కూడా అతడే. మాకు తెలియదు.

పెద్దలకు తెలిసిన విషయమే అయినా ఒక్క మాట. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) చూపులేనివారు. ప్రవక్త (స) ఆయనకు అజాన్ పిలిచే పని అప్పగించారు. తాము ప్రయాణమై వెళ్ళినప్పుడు మదీనాలో తమ స్థానంలో నిలిపారు. జాలి చూపి ఊరుకోలేదు, బాధ్యత అప్పగించారు. మేము ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇదే. కాబట్టి మన కార్యవర్గంలో చూపులేని సభ్యులకు రెండు స్థానాలు ఇవ్వాలని ఈ సభను వినయంగా కోరుతున్నాము. చూపులేని వారి పని గురించి చూపున్నవాళ్ళమే కూర్చొని తీర్మానాలు చేయడం ఇక చాలు.

ఇంకొక లోటు చెప్పక తప్పదు. మా తరగతికి మగపిల్లలు వచ్చినంతగా ఆడపిల్లలు రావడం లేదు. "కండ్లు లేని పిల్ల, ఎట్ల పంపుతం?" అంటారు తల్లిదండ్రులు. వారి భయాన్ని మేము తప్పుపట్టము. 2020లో కరోనా వల్ల తరగతి మూతబడినప్పుడు ఫోనులోనే పాఠాలు చెప్పాము. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే ఏర్పాటు ఉంటుంది, అది తెరను చదివి చెబుతుంది. చిత్రమేమంటే, ఇంట్లో నుంచి కదలకుండా నేర్చుకునే వీలు దొరకగానే ఆడపిల్లలు ఎక్కువగా చేరారు. అందువల్ల ఫోను తరగతిని ఇప్పటికీ నిలిపి ఉంచాము. పాఠం చెప్పడానికి ఒక ఆపా కుదిరితే ఇంకా పది ఇండ్ల తలుపులు తెరుచుకుంటాయి. ఈ సభలో ఉన్న చదువుకున్న ఆడపడుచులు ఆలోచించాలి.

ఖర్చుల సంగతి. సాఫ్టువేరు ఉచితమే గాని బస్సు చార్జీలు, ఇయర్‌ఫోన్లు, కరెంటు, ఇంటర్నెట్ ఉచితం కావు. జకాత్ లెక్క వేరు, చందా లెక్క వేరుగా రాస్తున్నాము. చూపులేనంత మాత్రాన ప్రతివాడూ జకాత్‌కు అర్హుడు కాడు. బీదవాడైతేనే అర్హుడు. కొందరు దాతలు ఇంట్లో అడ్డమైన కంప్యూటర్లు పంపుతున్నారు. మనసు మంచిదే, కాని వెలగని యంత్రం మాకూ అడ్డమే. నడిచేది ఒక్కటి ఇచ్చినా చాలు. అంతకంటే మిన్నగా, నెలకు రెండు ఆదివారాలు మానకుండా వచ్చే మనిషిని ఇవ్వండి. రెండు నెలలు వచ్చి మాయమయ్యేవారి వల్ల నేర్చుకునేవారి మనసు విరుగుతున్నది.

చివరగా ఒక విన్నపము. ఈ ప్రసంగం మన సావనీరులో అచ్చవుతుందని కార్యదర్శిగారు చెప్పారు. పోయినసారి సావనీరు ఫైలును మా విద్యార్థులకు పంపితే స్క్రీన్ రీడర్ అర్థంలేని అక్షరాలు చదివింది. కారణమేమంటే, అచ్చుకూటాలలో వాడే పాత తెలుగు ఫాంట్లు కంటికి తెలుగుగా కనబడతాయి గాని, కంప్యూటరు లోపల అవి తెలుగు అక్షరాలు కావు. యూనికోడ్ పద్ధతిలో కూర్చినదే గొంతుకు అందుతుంది. ఈ సభకు ఆహ్వానాన్ని కూడా ఫోటోగా పంపాము. ఫోటోలోని అక్షరాలను చదవడానికి వాళ్ళు అవస్థ పడ్డారు, కొందరు పక్కింటివారిని బతిమాలుకున్నారు. వారి కోసం పెట్టిన సభకు వారినే చదవలేని ఉత్తరంతో పిలిచాము! ఇది ఎవరో చేసిన తప్పు కాదు, మనదే.

కాబట్టి ఈసారి సావనీరు ప్రతిని యూనికోడ్‌లో కూడా తయారుచేయించి, చూపులేని సభ్యులకు పెద్దల కంటే ముందుగా పంపాలని ప్రార్థిస్తున్నాము. మీరు కూడా మీ వాట్సాప్‌లో నోటీసు ఫోటో పంపినప్పుడు దాని కింద నాలుగు మాటలు టైపు చేయండి. పైసా ఖర్చు లేదు.

అదే గనక జరిగితే, దేవరకొండ దగ్గరి పల్లెలో ఆ మనుమడు ఈ పేజీని తానే తెరిచి నానీకి వినిపిస్తాడు. మేము రాసిన దానిలో తప్పులుంటే అతడే మాకు చెబుతాడు. ఆ తప్పులు దిద్దుకోవడానికి మేము సిద్ధంగా ఉంటామని మాట ఇస్తున్నాము.